సున్నం వేలు

ఇరవై ఒకటో రోజుకల్లా చావవలసిన నత్తలు ఇరవై ఆరో రోజు పొద్దున కూడా దర్జాగా అద్దం మీద షికారు చేస్తున్నాయి. హైమావతి కాఫీ గ్లాసుతో అక్వేరియం ముందు నిలబడి లెక్కపెట్టింది. ఆరు తెచ్చింది, ఆరూ ఉన్నాయి. గుల్లలు పలచబడటం మాట దేవుడెరుగు, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి.

ఇంకొకరింట్లో అయితే సంతోషించవలసిన విషయమే. హైమావతి మాత్రం ఇంకోసారి లెక్కపెట్టింది. ఆ నత్తలు ఇరవై ఒక్క రోజులకి మించి బతకవని ప్రభుత్వానికి రాసిచ్చిన కాగితం మీద మొదటి సంతకం ఆమెదే.

నత్తల్ని తయారుచేసింది కూడా ఆమే. కాకినాడ ఊరి చివర ఉన్న జలచర పరిశోధన కేంద్రంలో అది తొమ్మిదేళ్ళ పని. చేపల చెరువులో నాచు ముదిరితే తెల్లవారేసరికి నీళ్ళలో ప్రాణవాయువు అడుగంటుతుంది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. పొద్దెక్కేసరికి చెరువు నిండా తెల్లటి పొట్టలు కనిపిస్తాయి. మందులు కొట్టీ కొట్టీ రైతులు విసిగిపోయారు. హైమావతి మందుకు బదులు ఒక తిండిపోతుని తయారుచేసింది. మామూలు నత్త వారం రోజులు తినే నాచుని ఇది ఒక్క పూటలో ఖాళీ చేస్తుంది. ఏడో ప్రయత్నానికి నిలిచింది గనక కేంద్రంలో దాన్ని ఏడో తరం అనేవారు. నత్తనడక కాళ్ళకేగాని నోటికి కాదని వాళ్ళలో వాళ్ళు నవ్వుకునేవారు.

అంత తిండిపోతుని విచ్చలవిడిగా వదిలేస్తే ఏమవుతుందో ఊహించడానికి డాక్టరేట్ అక్కర్లేదు. అందుకే దానికో తాళం వేసింది. నత్త బతికినన్నాళ్ళూ గుల్ల కట్టుకుంటూనే ఉండాలి, దానికి సున్నం కావాలి. ఏడో తరానికి మామూలు సున్నం ఒంటపట్టదు. కేంద్రంలో తయారయ్యే నీలం బిళ్ళలో, ఒక పూతతో చుట్టి ఇచ్చిన సున్నమైతేనే పడుతుంది. బిళ్ళ మానేస్తే గుల్ల పెళుసెక్కి, మూడు వారాల్లో అప్పడంలా చిట్లిపోతుంది. కాబట్టి నాచు ఉన్నన్నాళ్ళు రైతు బిళ్ళలు వేస్తాడు, నీళ్ళు తేటపడ్డాక మానేస్తాడు, నత్తల కథ కంచికి పోతుంది. ప్రయోగశాలలో మూడువందల సార్లు చూశారు. ఇరవై రెండో రోజు చూసిన నత్త ఒక్కటీ లేదు. ఇంకో పన్నెండు రోజుల్లో వీటిని నలభై చెరువుల్లో వదలడానికి ముహూర్తం కూడా పెట్టేశారు.

మరి ఈ ఆరూ ఇంటికెలా వచ్చాయంటే, హైమావతి మధ్యాహ్నం భోజనం క్యారేజీలో, దొంగతనంగా.

అక్వేరియం ఆమె భర్త శేషగిరిది. రెండడుగుల గాజు తొట్టి, ఇసుక, రిబ్బన్ లాంటి ఆకుల మొక్కలు, నాలుగు గప్పీ చేపలు. పోస్టాఫీసు ఉద్యోగం వారానికి ఆరు రోజులు, ఏడో రోజు తొట్టి. ఆదివారం టిఫిన్ అయ్యాక లుంగీ పైకి కట్టి, పాత టూత్‌బ్రష్‌తో అద్దం తోముతూ కూర్చునేవాడు. అతను పోయి రెండేళ్ళయింది. ఆ తర్వాత తొట్టిని ఎవరూ ముట్టుకోలేదు. కొడుకు వస్తువు, అత్తగారు ముట్టుకోవాలి గాని నేనెందుకని హైమావతి అనుకుంది. మొగుడి వస్తువు, ఆ అమ్మాయి ముట్టుకోవాలి గాని నేనెందుకని అత్తగారు మాణిక్యాంబ అనుకుంది. చేపలు ఒక్కొక్కటే పోయాయి. టైమరు పెట్టిన లైటు మాత్రం రోజూ ఠంచనుగా వెలిగి ఎనిమిది గంటల తర్వాత ఆరేది. నాచుకి ఇంకేం కావాలి? అద్దాలు పచ్చటి తెర కట్టేశాయి. నాచు మీద పరిశోధన చేసే మనిషి ఇంట్లోనే నాచు పంట పండింది.

ఆ పచ్చ తెర ముందు కుర్చీ వేసుకుని మాణిక్యాంబ పగలల్లా కూర్చునేది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. రోజుకి రెండు మాటలు, ఒకటి "ఊఁ", రెండోది "వద్దు". అన్నం గిన్నెలో సగం తిరిగి వచ్చేది. మానని అలవాటు తాంబూలం ఒక్కటే.

చూసి చూసి హైమావతి నత్తల్ని తెచ్చింది. నీలం బిళ్ళలు తేలేదు. మూడు వారాల్లో అద్దం శుభ్రం చేస్తాయి, ఆ తర్వాత వాటంతటవే పోతాయి, తీసి పారేయవచ్చు. సగం సంగతి అత్తగారికి చెప్పింది. రెండో సగం చెప్పలేదు.

నాలుగో రోజుకి అద్దం మీద అరచేయంత కిటికీ తెరుచుకుంది. మాణిక్యాంబ కుర్చీ ముందుకు జరుపుకుని, కళ్ళజోడు సర్దుకుని చూసి, "అమ్మాయ్, ఇందులో మొక్క బతికే ఉందే" అంది. రెండేళ్ళలో ఆవిడ మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం అది. హైమావతి వంటింట్లోకి పోయి కొళాయి తిప్పుకుని కాసేపు ఏడ్చింది.

అక్కణ్ణుంచి ఇల్లు కొంచెం కదిలింది. గిన్నె ఖాళీగా రావడం మొదలైంది. ఎప్పుడు చూసినా తింటూ తిరుగుతున్నాయని మాణిక్యాంబ నత్తలకి తన ఆడపడుచుల పేర్లు పెట్టింది. ఆడపడుచులు నలుగురే గనక మిగతా రెండింటికీ తోడికోడళ్ళ పేర్లతో సరిపెట్టింది. సాయంత్రం హైమావతి రాగానే, ఇవాళ ఏ ఆడపడుచు ఎటు వెళ్ళిందో, ఎవరి నెత్తినెక్కిందో పూసగుచ్చినట్టు చెప్పేది.

అటువంటి నత్తలు ఇరవై ఆరో రోజున బతికి ఉన్నాయి. వీటికి మీరేమైనా పెడుతున్నారా అని హైమావతి అత్తగార్ని అడిగింది.

"పెద్దదాని గుల్ల అంచు పాలిపోయింది. చూడలేక కాస్త సున్నం పెట్టేను," అంది మాణిక్యాంబ. "గుల్లలు కాల్చే కదుటే సున్నం చేసేది? దానిది దానికే ఇచ్చేను. తప్పా?"

తప్పు కాదంది హైమావతి. ఆమెకి కొంత ఊపిరి వచ్చింది కూడా. సున్నం సంగతి మొదటి ఏడాదే తేలిపోయింది. చెరువులకి రైతులు బస్తాల కొద్దీ సున్నం చల్లుతారు, అది తెలియకుండా తాళం ఎవరు వేస్తారు? అయినా అనుమానం పెనుభూతం గనక అత్తగారి సున్నపు డబ్బీలోంచి గోటితో ఇంత తీసుకుని కేంద్రానికి పట్టుకెళ్ళింది. గుల్ల అంచుకి రంగు వేసి పెడితే, కొత్త పొర కడుతోందో లేదో నాలుగు రోజుల్లో తేలుతుంది. ఎవరికీ చెప్పకుండా పది నత్తల మీద చూసింది. రంగు వేసినచోటే ఉంది, దాని అవతల వెంట్రుకవాసి కూడా పెరగలేదు. ఇంట్లో ఉన్నవి ఏదో పాత బలం మీద నెట్టుకొస్తున్నాయని తనకి తాను సర్దిచెప్పుకుంది.

మర్నాడు ఆదివారం. పేపరు చదువుతూ యథాలాపంగా తలెత్తి చూసింది. మాణిక్యాంబ తమలపాకు తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. చూపుడువేలితో ముందు కాచు అద్ది ఆకుకి పులిమింది. అదే వేలితో సున్నం తీసి దాని మీద రాసింది. రెండూ కలిసి ఎర్రబడ్డాయి. వక్క వేసి మడిచి నోట్లో పెట్టుకుంది. మిగిలింది వేలు. ఇదివరకు ఆ వేలిని గుమ్మానికి రాసేది, గుమ్మమంతా మరకలు చేస్తున్నావని శేషగిరి తల్లితో రోజూ తగువుపడేవాడు. ఇప్పుడు మాణిక్యాంబ లేచి, తొట్టి మూత ఎత్తి, నీళ్ళలో చెయ్యి పెట్టి, ఆ వేలిని లోపలి అద్దానికి రాసింది. నత్తలు రెండు అటు తిరిగాయి.

ఆవిడ సున్నం అని చెప్పింది. కాచు కూడా లెక్కలోకి వస్తుందని ఆవిడకి తోచలేదు. వేలు ఒకటే కదా అని అడగాలని హైమావతికీ తోచలేదు.

కాచు చండ్ర చెక్క ఉడికించి తీసేది. దాని వగరు సున్నాన్ని చుట్టుకుంటుంది, సరిగ్గా నీలం బిళ్ళలో పూత చుట్టుకున్నట్టు. అంతవరకూ ఆలోచించాక హైమావతి పేపరు మడిచి పక్కన పెట్టేసింది. చండ్రకి వరసైన చెట్టు తుమ్మ. ఈ జిల్లాలో తుమ్మచెట్టు లేని చెరువుగట్టు ఏది? బెరడూ కాయలూ ఏడాది పొడుగునా నీళ్ళలో రాలుతాయి, పైనుంచి సున్నం బస్తాలు. ప్రయోగశాలలో సున్నాన్ని వడగట్టిన నీళ్ళలో వేసి చూశారు. అందులో ఆకు పడదు, పుల్ల పడదు. తొమ్మిదేళ్ళు కష్టపడి తాళం వేసి గొళ్ళెం మరిచింది.

ఈసారి తుమ్మ బెరడు నానబెట్టిన నీళ్ళలో సున్నం కలిపి చూసింది. నాలుగో రోజుకి రంగు గీత అవతల కొత్త పొర తెల్లగా కనబడింది. పదికి పది నత్తలకీ.

డైరెక్టరు వీరభద్రం గారు చెడ్డమనిషి కాదు. చేపలు పోయి కూలబడ్డ రైతుల ఇళ్ళకి స్వయంగా వెళ్ళి కూర్చున్నవాడు. ఆమె చెప్పినదంతా ఓపిగ్గా విన్నాడు. మూడు రోజుల్లో నత్తలు వదలబోతూ, గుల్ల అంచున ఒక పొర చూసి ఆపలేనన్నాడు.

"పొర కట్టినంత మాత్రాన బతికినట్టా, హైమావతి గారూ? బిళ్ళ లేకుండా నెల రోజులు బతికిన నత్త ఒక్కటి చూపించండి. ఇప్పుడే ఫోను చేసి ఆపేస్తాను."

ఆమె దగ్గర ఆరున్నాయి. చూపిస్తానని నోటిదాకా వచ్చింది. చూపిస్తే ఎక్కణ్ణుంచి వచ్చాయంటారు. గేటు దాటి ఒక్క నత్త కూడా బయటికి పోకూడదన్న నిబంధన రాసిందీ ఆమే. ఉద్యోగం మాట అటుంచితే, తొట్టిలో ఉన్నదంతా ఊడ్చుకుపోతారు. ఆ కుర్చీలో మనిషి మళ్ళీ "ఊఁ", "వద్దు" దగ్గరికి వస్తుంది. రేపు మాట్లాడతానని చెప్పి ఇంటికి వచ్చేసింది.

వచ్చి తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. అద్దాల మీద నాచు మచ్చుకైనా లేదు. తినడానికి నాచు లేకపోయేసరికి నత్తలు మొక్కల చిగుళ్ళ మీద పడ్డాయి. లేత ఆకులు జల్లెళ్ళలా ఉన్నాయి. ఒక ఆకు అడుగున గోరంత జిగురు ముద్ద, అందులో చుక్కలు చుక్కలుగా గుడ్లు. ఊరి చుట్టూ నారుమళ్ళు పోస్తున్న రోజులవి. చెరువు నుంచి కాలవకీ, కాలవ నుంచి మడికీ ఎంత దూరమో లెక్కవేయడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఈ గదిలో తనకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఆమెని ఒక గంటసేపు అలాగే కూర్చోబెట్టింది.

తర్వాత కుర్చీ తెచ్చి అత్తగారి పక్కన వేసుకుని, మొదటినుంచీ చెప్పింది. తాళం, బిళ్ళ, కాచు, తుమ్మ, నారుమళ్ళు అన్నీ. మాణిక్యాంబ మధ్యలో ఒక్క ప్రశ్న వేయకుండా విని, చివర్న నారుమళ్ళని వదిలేసి వేరేది అడిగింది.

"అంటే ఇరవై ఒక్క రోజులకి ఇవి పోతాయని తెచ్చిననాడే నీకు తెలుసు."

"తెలుసండీ."

"నాకు చెప్పలేదు."

"చెప్పలేదు."

మాణిక్యాంబ తొట్టికేసి తిరిగింది. రెండేళ్ళుగా నోట్లో పెట్టుకుని తిరుగుతున్న మాట బయటికి తీసింది.

"శేషు సంగతీ ఇంతే చేసేవు. వాడి గుండె ఇంక పనికిరాదని డాక్టరు మూడు నెలల ముందే చెప్పేడట. నాకు మాత్రం వాడు పోయాక చెప్పేరు."

చెప్పొద్దని శేషగిరే అన్నాడని, ఒట్టు వేయించుకున్నాడని హైమావతి చెప్పింది. అది నిజమే. నిజమైనా ఇప్పుడు ఆ మాట తన చెవికే పలచగా వినిపించింది.

"వాడు వద్దంటాడమ్మా, వాడికేం. నాకు తెలిసుంటే ఆ ఆదివారాలు వాడు అద్దం తోముతూంటే వచ్చి పక్కన కూర్చునేదాన్ని. గుమ్మానికి సున్నం రాసేవని తిడుతూంటే పడేదాన్ని. వంటింట్లో ఏవో పనులున్నాయని తిరిగేను."

టైమరు ప్రకారం తొట్టిలో లైటు ఆరిపోయింది. హైమావతి లేచి గదిలో దీపం వేసింది. మాణిక్యాంబ పమిట చెంగుతో కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది.

"ఇప్పుడైతే ముందే చెప్పేవు కదా. పొద్దున్నే వెళ్ళి వాళ్ళకీ చెప్పు."

పొద్దున్నే వెళ్ళి చెప్పింది. మధ్యాహ్నానికల్లా వీరభద్రం గారు ఇంకో ఇద్దరితో వచ్చాడు. చేతికి తొడుగులు, మూత బిగించే డబ్బా, నీళ్ళలో కలపడానికి మందు. ఆయన తొట్టి ముందు వంగి, నత్తల్నీ గుడ్లనీ చిల్లులు పడ్డ ఆకుల్నీ చూశాడు. బయటికి పోయి ఫోను చేసి వచ్చాడు. నలభై చెరువుల సంగతి ఆ ఫోనుతో ఆగిపోయింది. తిరిగి వచ్చి హైమావతి మొహంకేసి చూడకుండా, విచారణ పూర్తయ్యేదాకా మీరు కేంద్రానికి రాకూడదని చెప్పాడు. చెప్పడానికి ఆయన బాధపడ్డ మాట నిజం.

తొడుగుల మనిషి తొట్టిలో చెయ్యి పెట్టబోతుంటే మాణిక్యాంబ కుర్చీలోంచి లేచింది.

"ఉండు బాబూ. నేను పెట్టిన సున్నంతో బతికేయి. నేనే తీస్తాను."

వీరభద్రం గారు తలూపాడు. ఆవిడ ఒక్కొక్కదాన్నే అద్దం మీంచి ఒలిచి డబ్బాలో వేసింది. పేర్లు పలకలేదు. ఆరూ అయ్యాక చెయ్యి కడుక్కోవడానికి లోపలికి వెళ్ళి, వాళ్ళు వెళ్ళిపోయేదాకా బయటికి రాలేదు. వాళ్ళు ఇసుకా మొక్కలూ కూడా పట్టుకుపోయారు. ఆరు నత్తలూ, గుడ్లూ నాశనం చేయబడినవి, ఇంట్లో మరేమీ మిగలలేదు అన్న కాగితం మీద హైమావతి సంతకం పెట్టింది. నత్తల విషయంలో అది ఆమె రెండో సంతకం.

తర్వాత రోజులు చప్పగా గడిచాయి. నత్తల కోసం ఎదురుచూసిన రైతులు కొందరు ఫోను చేసి నాలుగు చీవాట్లు పెట్టారు, వింది. మాణిక్యాంబ తింటోంది, కాని మాట మళ్ళీ తగ్గింది. ఖాళీ తొట్టి ముందు కుర్చీ మాత్రం తియ్యలేదు. రెండు వారాలు చూసి, హైమావతి బజారుకి వెళ్ళి కొత్త ఇసుక, నాలుగు మొక్కలు తెచ్చి నీళ్ళు నింపింది. లైటు మళ్ళీ వెలిగింది. మొక్కలు వేరూనకముందే నాచు వచ్చి కూర్చుంది. నాచుకి ఎవరి మీదా కోపం ఉండదు.

నీళ్ళు నింపిన ఇరవయ్యో రోజు పొద్దున కాఫీ గ్లాసుతో వచ్చి చూసేసరికి, పచ్చబారిన అద్దం లోపల వేలెడు వెడల్పు గీత ఒకటి తేటగా ఉంది. పైనుంచి కిందికి, కొంచెం వంకరగా. నత్త నడిచిన దారి అచ్చం అలాగే ఉంటుంది.

హైమావతి గ్లాసు కింద పెట్టేసింది. మరేమీ మిగలలేదని తను రాసిచ్చింది. ఒక్కటి మిగిలినా చాలు, జత లేకుండానే అది గుడ్లు పెట్టుకోగలదు. మొక్కలన్నీ పీకి ఆకు ఆకూ తిప్పి చూసింది. ఇసుకని టీ వడగట్టే జల్లెడతో వడగట్టింది. మధ్యాహ్నానికి నడుము పట్టేసింది, ఏమీ దొరకలేదు. మాణిక్యాంబ అంతా చూస్తూ కూర్చుంది గాని నోరు మెదపలేదు.

మర్నాడు పొద్దున దాని పక్కనే రెండో గీత.

ఆ రోజు హైమావతి కదలలేదు. పేపరు అడ్డం పెట్టుకుని తొట్టి ఎదురుగా కూర్చుంది. పది దాటింది, భోజనాలయ్యాయి. మాణిక్యాంబ ఆకు తుడిచింది, కాచు రాసింది, సున్నం రాసింది, మడిచి నోట్లో పెట్టుకుంది. ఎర్రబడ్డ వేలిని గుమ్మానికి రాసింది. తర్వాత మెల్లిగా తొట్టి దగ్గరికి వచ్చి, మూత ఎత్తి, ఎడమ చెయ్యి నీళ్ళలో పెట్టి, చూపుడువేలితో అద్దాన్ని పైనుంచి కిందికి ఒక్కసారి గట్టిగా తోమింది. మూడో గీత.

హైమావతి పేపరు దించింది. నవ్వాలో కోప్పడాలో తెలియక, నిన్న ఇసుకంతా వడగడుతూంటే ఒక్క మాట చెప్పకూడదా అని అడిగింది.

"నువ్వు అడగలేదు. నేను చెప్పలేదు. మన ఇంటి ఆచారమే కదా," అంది మాణిక్యాంబ. తర్వాత తడిచెయ్యి ఎత్తి చూపించింది. "భయపడకు, సున్నం వేలు కాదిది. ఎడం చెయ్యి."

వేలి కొసని నాచు పచ్చగా అంటుకుని ఉంది. ఆవిడ దాన్ని చూసుకుంది.

"రోజుకో గీతే వస్తోంది, ఇంతకంటే నా చెయ్యి ఆడదు. ఈ లెక్కన అటు చివరికి వెళ్ళేసరికి ఇటు మళ్ళీ పట్టేస్తుంది. నువ్వు ఆ పక్కనుంచి మొదలుపెట్టు."

శేషగిరి టూత్‌బ్రష్ తొట్టి బల్ల సొరుగులోనే ఉంది, ఇద్దరికీ తెలుసు. దాని కోసం ఎవరూ సొరుగు తెరవలేదు. హైమావతి గాజులు పైకి తోసుకుని, రెండో చివర నీళ్ళలో చెయ్యి పెట్టింది.